కుంపటి బస్సు, గోషా తెర

గురజాల
ఆగస్టు 9, 1943. సోమవారం.

బస్సు వచ్చింది! పెళ్ళివారు దిగినట్టు ఊరు ఊరంతా ఎదురెళ్ళింది. పెట్రోలు కూపన్లు ఆగిపోయి మూలపడ్డ మా బస్సు, గుంటూరు నుంచి వీపున ఇనప పీపాతో తిరిగొచ్చింది. ఆ పీపాలో బొగ్గులు పోసి రాజేస్తారు. పక్కనే చేత్తో తిప్పే పంకా ఉంది. పంకాతో గాలి ఊదితే బొగ్గుల్లోంచి గ్యాసు పుట్టి, బస్సు అడుగున వేసిన గొట్టంలోంచి ముందున్న ఇంజనుకి పోతుందట. పెట్రోలు చుక్క అక్కర్లేదు. యుద్ధం ఎన్నాళ్ళు సాగినా ఇక మన బస్సు ఆగదన్నారు మా ఆయన.

“ఇదేందిరా నాయనా, పొయ్యిని ఎనక కట్టుకొని పోద్దంట!” అని జట్కావాళ్ళు ఒకటే నవ్వు. కుంపటి బస్సు అని అప్పుడే పేరు కూడా పెట్టేశారు. ఆయనకి కోపం రాలేదు. “నవ్విన నాపచేనే పండిద్ది బాబాయ్” అని వాళ్ళ భుజం తట్టారు. ఎన్నాళ్ళకి నవ్వారో ఆ మనిషి!

అత్తమ్మ బస్సు ముందు నిలబడి పెద్దగా ప్రార్థన చేసింది. చేసి, గుప్పెడు ఉప్పుతో దిష్టి కూడా తీసింది. మనం క్రైస్తవులం, దిష్టేమిటి అత్తమ్మా అన్నాను. “ప్రార్థన దేవుడికి, దిష్టి ఊరోళ్ళకి. నీకు తెలవదులే అమ్మాయ్” అంది. ఆదెమ్మగారితో వాదించి గెలిచినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

గుంటూరు షెడ్డు నుంచి బస్సుతో వచ్చిన మేస్త్రీ ఆయన్ని పీపా దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆయన తలూపుతూ విన్నారు. ఏం చెప్పాడని అడిగాను. “మిషను సంగతులు, నీకెందుకే” అన్నారు. నిజమే, నాకెందుకు.

ఆగస్టు 12, గురువారం.

మోటారు ఇన్‌స్పెక్టరు సెప్టెంబరు ఆఖరున వచ్చి, బస్సెక్కి చూసి, అంతా సవ్యంగా ఉంటేనే నరసరావుపేట దారికి పర్మిట్టు రాస్తాడట. అంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా పోకూడదు. పర్మిట్టు రాకపోతే బస్సు పాత ఇనుముకి పోతుంది. బస్సు పోతే పోయింది, ఆయనేమైపోతారో నాకు తెలుసు. పెట్రోలు ఆగిన నాటి నుంచి గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి. అన్నం ముందు పెట్టి “తినండి” అని బతిమాలినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. ఆ రోజులు మళ్ళీ నాకొద్దు ప్రభువా.

ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. గురజాలలో ముసల్మానుల ఇళ్ళు బోలెడు. వాళ్ళ ఆడవాళ్ళు నరసరావుపేట పోవాలంటే చుట్టూ గుడ్డ కట్టిన ఎడ్లబండే, పగలంతా ప్రయాణం. బస్సులో వెనక బల్లలకి గోషా తెర కడితే వాళ్ళంతా మన బస్సే ఎక్కుతారు. తెర లోపల తోడుగా ఒక ఆడమనిషి ఉండాలి. ఆ ఆడమనిషిని నేనట! “బళ్ళో పిల్లకాయలకి ఇంకో పంతులమ్మ దొరుకుద్ది. నా బస్సుకి నువ్వు తప్ప ఎవరున్నారే రత్నం” అన్నారు. అలా అంటే నేను కాదనగలనా?

మహమూదా పిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె ఒప్పుకుంటే ఆ వీధంతా ఒప్పుకున్నట్టే. భర్త లేడు, కొడుకు పటాలంలో ఉన్నాడు. కోడలు సాజిదాకి ఏడో నెల. మొదటి కాన్పు చేతికి దక్కలేదు. ఈసారి వారం వారం నరసరావుపేట ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఎడ్లబండి కుదుపులంటే అత్తాకోడళ్ళిద్దరికీ భయం.

“చూడు పంతులమ్మా” అంది మహమూదా పిన్నమ్మ. “మగాళ్ళు రాకముందే మా ఆడోళ్ళు ఎక్కాల. మగాళ్ళంతా పోయినాకే దిగాల. మధ్యలో ఏం జరగనీ, పిడుగే పడనీ, తెర తియ్యబాకు. తీశావంటే మా పెద్దోళ్ళు ఈ పిల్లని మళ్ళా గడప దాటనియ్యరు. ఏదీ, చేతిలో చెయ్యెయ్యి.”

వేశాను.

ఆగస్టు 14.

తెర కుట్టాను. గుడారాల గుడ్డ, రెండు పొరలు, జంట కుట్టు. కిటికీలకి కూడా అదే గుడ్డ వేలాడదీశాను. వెనక తలుపు పీపా పక్కనే. మగవాళ్ళెవరూ పొరపాటున తియ్యకుండా దానికి బయట కొక్కెం పెట్టించారు. ఆ కొక్కెం మీద యల్లమందకి తప్ప ఎవరికీ అధికారం లేదు. యల్లమంద నిన్నటిదాకా జట్కా తోలాడు. గుర్రానికి ఉలవలు దొరక్క అమ్మేసి ఇప్పుడు మా పంకా తిప్పుతాడు. “గుర్రం కంటే ఇదే నయం అక్కా, తన్నదు” అన్నాడు.

నా కుట్టు చూసి అత్తమ్మే మెచ్చుకుంది. చినిగేది కాదు ఈ జన్మకి.

ఆగస్టు 16, సోమవారం.

మొదటి ప్రయాణం. జయం!

మసక వెలుతురులోనే ఆడవాళ్ళంతా వచ్చి ఎక్కారు. తర్వాత యల్లమంద బొగ్గులు రాజేసి పంకా తిప్పడం మొదలెట్టాడు. అది ఒక పట్టాన లొంగే వ్యవహారం కాదు. తిప్పాడు, తిప్పాడు, గ్యాసు వచ్చిందో లేదో అని గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి చూశాడు, మళ్ళీ తిప్పాడు. అప్పటికి మగవాళ్ళు చేరారు, ఎక్కారు. మేము మాత్రం లోపల పెళ్ళి పందిట్లో ఆడంగుల్లా కూర్చుని ఒకటే కబుర్లు. మహమూదా పిన్నమ్మ మొగుళ్ళ మీద చెప్పిన మాటలు ఇక్కడ రాయకూడదు. ప్రభువు చదివితే బాగుండదు.

సాయంత్రం ఇంటికొచ్చాక తలనొప్పి. అలవాటు లేని ప్రయాణం కదా.

ఆగస్టు 20.

తెర లోపల బొగ్గు వాసన వస్తోందని ఆడవాళ్ళు సణుగుతున్నారు. ఇంటింటికీ తిరిగి కిటికీ సందుల్లో కుక్కడానికి పత్తి తెచ్చాను. ఈ సీమలో పత్తికేం కరువు! నేల చెక్కల మీద గోనెపట్టా పరిచాను. వాసన తగ్గింది. ఆయన చూసి, “నువ్వు ఇంజనీరు కావాల్సిందే” అన్నారు. రోజంతా అదే మాట తల్చుకుని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

ఆగస్టు 23.

అత్తమ్మ కళ్ళు చూపించుకోవడానికి నరసరావుపేట వస్తానంది. నాతో లోపల కూర్చుంటుంది అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. “అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ముందు నా పక్కన కూచుంటది” అని చెయ్యి పట్టుకుని ఎక్కించారు. తల్లంటే ఎంత ప్రాణమో.

నాకు కూడా చెప్పారు, “నువ్వు లోపలికి పోబాక, తలుపు పక్కనే కూచో, కాస్త గాలాడుద్ది” అని. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా మీద కూడా కనికరం కలిగింది మహానుభావుడికి.

ఆగస్టు 27.

తలనొప్పి.

ఆగస్టు 30.

మళ్ళీ. అత్తమ్మ శొంఠి పట్టు వేసింది.

ఒక విచిత్రం. బస్సు పోతున్నంతసేపూ కాస్త నయం. ఆగితే ఎక్కువ. పొద్దున యల్లమంద పంకా తిప్పుతున్నప్పుడు మరీ ఎక్కువ. కదలకుండా కూర్చుంటే ఒళ్ళు మొద్దుబారుతుందేమో.

సెప్టెంబరు 2, గురువారం.

రంజాను ఉపవాసాలు మొదలయ్యాయి. తెర లోపల కబుర్లు తగ్గాయి. అందరూ తూగుతున్నారు. తెల్లవారుజామునే లేచి తిని, మళ్ళీ పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు, తూగక ఏం చేస్తారు? నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. నాకు ఉపవాసం లేదు. తోడు తూగుడు కాబోలు.

సెప్టెంబరు 6.

మహమూదా పిన్నమ్మ నరసరావుపేటలో చెల్లెలికని బుట్టలో కోడిపెట్టని తెచ్చింది. బుట్ట పీపా వైపు మూలన పెట్టింది. దిగేటప్పుడు చూస్తే చచ్చిపోయి ఉంది.

“యా అల్లా! మంచి పెట్ట, నిన్నగూడా గుడ్డు పెట్టింది” అని పిన్నమ్మ లబలబలాడింది. కొక్కెర తెగులు వచ్చి ఉంటుందన్నారు ఆయన. ఎండదెబ్బ అన్నాడు యల్లమంద.

నేను కోళ్ళని పెంచినదాన్ని. తెగులు సోకిన కోడికి తల మీది జుట్టు నల్లబడుతుంది. దీని జుట్టు మందారంలా ఎర్రగా ఉంది. బతికున్న కోడికి కూడా అంత ఎరుపు చూడలేదు.

ఏదో కొత్త తెగులు అయ్యుంటుంది.

సెప్టెంబరు 10.

సాంబ్రాణి తీసుకెళ్ళి లోపల వేశాను. వాసన బాగుందన్నారు అందరూ.

సెప్టెంబరు 13, సోమవారం.

ఇవాళ సాజిదా నా భుజం మీద పడిపోయింది. పొద్దున్నే, బస్సింకా కదలకముందే. మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుక మడతపడి ఒరిగింది. నేను తలుపు మీద దబదబ బాదాను. యల్లమంద మగవాళ్ళని అటు పొమ్మని కేకేసి కొక్కెం తీశాడు. గాలి తగిలాక కళ్ళు తెరిచింది. మొహం వాడిపోయి ఉండాలి కదా? కాదు. బుగ్గలు గులాబీరంగు తిరిగి ఉన్నాయి. “కడుపుతో ఉన్న కళ, మగపిల్లాడే” అని ఆడవాళ్ళు నవ్వారు. ఆసుపత్రిలో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారట. పోనీలే.

“ఉపాసం కదా, పడ్డది” అన్నారు ఆయన రాత్రి.

“సాజిదాకి ఉపవాసం లేదండీ. కడుపుతో ఉన్నవాళ్ళకి లేదట. పొద్దున రొట్టె తిని ఎక్కింది.”

“అయితే కడుపుతో ఉంది కాబట్టి పడింది” అని అటు తిరిగి పడుకున్నారు.

సెప్టెంబరు 14.

ఇవాళ బస్సుకి సెలవు. బొగ్గులు అందలేదు. రోజంతా పొయ్యి దగ్గర పొగలో ఉన్నాను. తలనొప్పి లేదు.

సెప్టెంబరు 15.

బస్సు. తలనొప్పి.

సెప్టెంబరు 17, శుక్రవారం.

అడిగేశాను. “ఆ పీపాలోంచి ఏదన్నా లోపలికి వస్తోందేమో, మేస్త్రీని పిలిపించి చూపించండి” అన్నాను.

మనిషి మొహం మారిపోయింది. “ఒసే, నువ్వు గూడానా! జట్కావోళ్ళు అన్నట్టే నువ్వూ అంటన్నావే! దేశం నిండా తిరుగుతన్నయ్ ఈ బస్సులు. నెలాఖరుకి ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు. ఈ మాట బయటపడిందంటే నా నోట్లో మన్నే. ఇంకొక్కసారి అన్నావంటే చూడు!” అని కంచం తోసేసి లేచారు.

నాకూ కోపం వచ్చింది. రాదా? కానీ పెరట్లో కూర్చున్న ఆయన వీపు చూస్తే ఆ గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. మజ్జిగ కలిపి తీసుకెళ్ళి ఇచ్చాను. తాగారు.

యల్లమందని అడిగితే తనకీ తల తిరుగుతోందన్నాడు. “కల్లు మానేశాను గదక్కా, అందుకే” అన్నాడు. తలా ఒక కారణం ఉంది. నాకే ఏ కారణమూ దొరకడం లేదు.

సెప్టెంబరు 20.

ఇక నెలాఖరే కదా. ఇన్‌స్పెక్టరు వచ్చి పోతే, పర్మిట్టు చేతికి వస్తే, నెమ్మదిగా నేనే చెప్పి పీపాని మరమ్మతు చేయిస్తాను. అంతవరకు సాజిదాని నా తలుపు పక్క చోట కూర్చోబెడతాను. అంతే. పెద్ద సంగతేం కాదు.

సెప్టెంబరు 24.

వాన. ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడట. ఆయన చొక్కా ఉతికి గంజి పెట్టాను.

సెప్టెంబరు 28.

రాయలేను.

సెప్టెంబరు 30, గురువారం.

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఎవరికి చెప్పను?

సోమవారం పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. కిటికీ గుడ్డలన్నీ దించి బిగించి కట్టాం. పండక్కి బట్టలు కొనాలని ఆడవాళ్ళు ఎక్కువమందే వచ్చారు. ఇన్‌స్పెక్టరు ముందు, ఆయన పక్కన. సాజిదాని నా చోట తలుపు దగ్గర కూర్చోబెట్టాను. మహమూదా పిన్నమ్మ చివరికి, పీపా వైపుకి జరిగింది. “ఇటు రా పిన్నమ్మా” అంటే, “ఉండనీ బేటీ, వానకి వణుకొస్తంది. ఈడ పొయ్యి పక్కన కూచున్నట్టు ఎచ్చగా ఉంది” అంది. చేతిలో తస్బీ, జపం పూసలు తిప్పుకుంటోంది.

పిడుగురాళ్ళ రైలు గేటు పడింది. ఏదో పటాలం రైలు, ఎంతకీ రాదు. ఇంజను ఆపేశారు. వానకి మగవాళ్ళు, బండ్లవాళ్ళు మా బస్సు చుట్టూ చేరారు. రైలు పోయాక ఇంజను అందుకోలేదు. యల్లమంద మళ్ళీ పంకా అందుకున్నాడు. ముందు నుంచి ఇన్‌స్పెక్టరు విసుక్కోవడం వినిపిస్తోంది. “తిప్పరా, బిన్నా తిప్పరా, తొందరగా!” అని ఆయన అరుస్తున్నారు.

నా చేతులు బరువెక్కాయి. లేవాలనుకుంటే మోకాళ్ళు లేవలేదు. అందరూ తూగుతున్నారు, ఒకరి మీద ఒకరు ఒరిగిపోతున్నారు. పూసల చప్పుడు ఆగిపోయిందని అప్పుడు తెలిసింది. పిన్నమ్మ వైపు చూశాను. తల గోడకి ఆనించి ఉంది. ఆ ముసలి బుగ్గలు ఎర్రగా, పెళ్ళికూతురి బుగ్గల్లా ఉన్నాయి. ఆ కోడి గుర్తొచ్చింది.

తలుపు బాదాను. వానలో, పంకా రొదలో ఎవరికీ వినిపించలేదు. బయట కొక్కెం. ఇక మిగిలింది తెర ఒక్కటే. పిడుగు పడినా తియ్యనని చేతిలో చెయ్యి వేశాను. నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం ఆగాను. ఆ మాట కోసం కాదు. ముందు ఇన్‌స్పెక్టరు ఉన్నాడని ఆగాను.

తర్వాత లాగాను. చిరగలేదు! నా జంట కుట్టు, నేనే మురిసిపోయిన కుట్టు! పళ్ళతో కొరికాను. చివరికి పై కమ్మీ ఊడి తెర మొత్తం మా మీద పడింది. ఏం అరిచానో నాకు తెలియదు.

యల్లమంద పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. ఆడవాళ్ళని ఒక్కొక్కళ్ళనే వానలోకి దించాం, ముసుగులు లేవు, ఏమీ లేవు. అప్పుడు ఆ బండ్లవాళ్ళు ఒక పని చేశారు. ఎవరూ చెప్పలేదు. తలపాగాలు విప్పి, ఆ గుడ్డలు ఒకరికొకరు అందించుకుని గోడలా పట్టుకుని, మా వైపు వీపులు తిప్పి వానలో నిలబడ్డారు. ఒక్కడు కూడా తిరిగి చూడలేదు.

అందరూ లేచారు. సాజిదా కూడా. మహమూదా పిన్నమ్మ లేవలేదు.

“ఏమయ్యా, ఏమిటిది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఉపాసం అండి. రంజాను కదండీ. ముసలామె” అన్నారు మా ఆయన. అని నా వైపు చూశారు.

నేను నోరు తెరవలేదు.

అక్టోబరు 2.

పండగ వెళ్ళిపోయింది. మహమూదా పిన్నమ్మ ఇంట్లో పొయ్యి రాజలేదట.

వీధిలో అందరూ అదే మాట. రంజాను నెలలో, ఉపవాసంతో, చేతిలో తస్బీతో పోయింది, పుణ్యాత్మురాలు, నేరుగా స్వర్గానికే పోయి ఉంటుందని. సాజిదా కూడా నా చెయ్యి పట్టుకుని అదే అంది. “అత్త అదృష్టం అక్కా. నువ్వు తెర తీసినందుకు గూడా ఎవరూ ఏమనలేదు. మా ప్రాణాలు కాపాడినావన్నారు” అంది. నా చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది.

పర్మిట్టు వచ్చింది.

అక్టోబరు 3, ఆదివారం.

గుడిలో ఆయన సాక్ష్యం చెప్పారు, దేవుడు బస్సుని నిలబెట్టాడని. అందరూ ఆమెన్ అన్నారు. నేను పాటల పుస్తకం మూసేశాను.

అక్టోబరు 5, మంగళవారం.

మధ్యాహ్నం అత్తమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. మహమూదా పిన్నమ్మ మాట వచ్చింది. ఇద్దరూ ఈడువాళ్ళు, ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది.

“దానికి తెలవదు పాపం. తెలిస్తే ఆ పీపా పక్కన కూచునేదా?” అంది.

“ఏం తెలియదు అత్తమ్మా?”

“అదే, గాలి ఊదేటప్పుడు ఎనక మనుషులు కూచోగూడదని. ఇషం గాలంట, వాసన గూడా తెలవదంట. గుంటూరు మేస్త్రీ మరీ మరీ చెప్పిపోయాడంట. మా అబ్రహాము నాకు ముందే చెప్పాడుగా, ‘అమ్మా, ఎనక ఎక్కబాక, నా పక్కన కూచో’ అని.” ఒక పిక్క తీసి పారేసింది. “నీకు చెప్పలేదా?”

అక్టోబరు 6.

అమ్మకి చెప్పారు.

నన్ను తలుపు పక్కన కూర్చోమన్నారు.

అక్టోబరు 8, శుక్రవారం.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఎవరి కాళ్ళ మీద? చించుకోకపోతే ఎవరి నెత్తిన?

ఇవాళ ఆయన కొత్త గుడ్డ తెచ్చి నా ఒళ్ళో వేశారు. పాత తెర కమ్మీతో సహా పోయింది కదా, ఇంకోటి కుట్టాలి. సోమవారం నుంచి మళ్ళీ ఆడవాళ్ళు ఎక్కుతారట. సాజిదాకి నెలలు నిండాయి. కాన్పుకి నరసరావుపేట తీసుకుపోతున్నారు, మా బస్సులోనే.

“గొట్టం అతుకులకి తారు పూయించాను, ఇంకేం కాదు” అన్నారు, నేనేమీ అడగకుండానే. నా మొహంలోకి చూడలేదు. వచ్చిన దగ్గర్నుంచి చూడలేదు.

“పీపా ముందుకి మార్పించండి. లేకపోతే ఊదడం అయ్యేదాకా వాళ్ళని ఎక్కించకండి.”

“ముందు మగాళ్ళు ఎక్కినాక వాళ్ళు ఎక్కుతారంటావా? నువ్వే చెప్పు. మానేస్తే ఎడ్లబండే గదా ఆ పిల్లకి? తోవలో కాన్పయితే ఎవరిది పాపం?”

ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, ఎదుటివాళ్ళ మేలు కోసమే చేస్తున్నట్టు చెబుతారు. నేనూ ఇన్నాళ్ళు అలాగే నమ్మాను. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకు తెలుసు.

అక్టోబరు 9.

కుట్టాను.

అక్టోబరు 10, ఆదివారం.

గుడికి వెళ్ళలేదు.

నరసరావుపేట
అక్టోబరు 11, సోమవారం.

పొద్దున తెరిపిచ్చింది. సాజిదా వాళ్ళ మేనత్తని తోడు తీసుకుని వచ్చి, ఎప్పటిలా బస్సు ఆగేచోట గోడ పక్కన నిలబడింది. ఇంకా కొందరు ఆడవాళ్ళున్నారు. మీరు ఆగండి, ముందు నేను ఎక్కుతాను అన్నాను. ఎక్కి, మహమూదా పిన్నమ్మ కూర్చున్న చోటే కూర్చున్నాను. పీపా గోడ వెచ్చగా ఉంది. నిజంగానే హాయిగా ఉంది ఆ వెచ్చదనం, పాపం.

“యల్లమందా, కొక్కెం వేసి ఊదు” అన్నాను.

“ఆడోళ్ళు ఎక్కలేదు గదక్కా?”

“నువ్వు ఊదవయ్యా. నేను చెబుతున్నానుగా.”

పంకా తిరగడం మొదలైంది. అప్పటికే మగవాళ్ళు ఒక్కొక్కరే చేరుతున్నారు, మాటలు వినిపిస్తున్నాయి. కాసేపటికి ఆయన గొంతు దగ్గర్లో వినిపించింది. “రత్నం ఏదిరా?”

“లోపలుందన్నా.”

“ఏమే, దిగు” అన్నారు ఆయన, తలుపు దగ్గరికొచ్చి. మెల్లగానే అన్నారు.

“ఎందుకు?”

“దిగమన్నానా!”

“ఎందుకో చెప్పండి. ముసలితనం అన్నారు, నేను ముసలిదాన్ని కాదు. కడుపుతో ఉందన్నారు, నాకు ఆ భాగ్యం లేదు. ఉపవాసం అన్నారు. నేను చద్దన్నం తిని వచ్చాను. మీరు ఆగకుండా ఊదించండి.”

అడుగులు ముందుకి పోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. మళ్ళీ పోయాయి. కణతల దగ్గర మొదలైంది నొప్పి. ఇది నాకు తెలిసిన నొప్పే, చుట్టంలాంటిది. ఆయన తలుపు తియ్యలేదు. ఇంత చదువుకుని, ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆ కొక్కెం చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. తియ్యరేమో అనిపించింది. ఆ మాట అనిపించాక నాకు భయం వేసింది. నిజమైన భయం. కళ్ళ ముందు తెర కుట్లు కలిసిపోతున్నాయి.

“ఆపరా!”

ఊరంతా వినపడేలా అరిచారు.

“ఆపరా యల్లమందా! ఆపు! ఊదబాకరా, చచ్చిపోద్దిరా! అది చచ్చిపోద్ది!”

కొక్కెం ఊడింది. నన్ను రెండు చేతుల్తో లాగి నేల మీద కూర్చోబెట్టారు. నా మొహం తడుముతూ ఏడుస్తున్నారు. “మేస్త్రీ చెప్పాడే, ఇషం గాలని చెప్పాడే, ఎందుకు కూచున్నావే” అని అదే మాట పదేపదే అంటున్నారు. ఆ ఏడుపు అబద్ధం కాదు. నేనంటే ప్రాణమే. అదే నాకు మరీ దుర్భరంగా ఉంది.

యల్లమంద చెయ్యి పంకా పిడి మీద అలాగే ఉండిపోయింది.

గోడ పక్క నుంచి సాజిదా ముందుకొచ్చింది. నిండు మనిషి, నెమ్మదిగా నడిచింది. అంతమంది మగవాళ్ళ మధ్యన బురఖా ముసుగు పైకెత్తి ఆయన మొహంలోకి చూసింది.

“మా అత్త తెల్లారుజామున కడుపునిండా తినే ఎక్కింది అన్నా” అంది. “ఆమె కోసం ఆపమని ఎందుకు అరవలేదు?”

యల్లమంద పంకా వదిలేసి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి ఎడ్లబండి తోలుకొచ్చాడు. సాజిదాని, మేనత్తని ఎక్కించాను. నేనూ ఎక్కాను. ఎక్కడికే అని ఆయన అడగలేదు. దారిలో కుదుపు వచ్చినప్పుడల్లా సాజిదా పొట్ట పట్టుకుని నా మీద ఆనింది. నేను రవిక కుట్లు తెగేలా ఆమె నడుం పట్టుకుని కూర్చున్నాను, వొద్దు దేవుడా, వొద్దు దేవుడా అనుకుంటూ. పొద్దు వాలాక ఆసుపత్రి చేరాం. తల్లీ, కడుపులో బిడ్డా క్షేమమన్నారు. నొప్పులింకా రాలేదు.

దారిలోనే, పిడుగురాళ్ళ గేటు దాటాక, మేనత్త బండికి చుట్టూ కట్టిన గుడ్డ సరిచేసి బిగించబోయింది. సాజిదా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు. గాలి రానీ” అంది.

రెండు వైపులా గుడ్డ ఎత్తి కట్టాం.